పాతిక లక్షల కార్డు సరే, నెల మందుల మాటేమిటి?

ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ ఆరోగ్య కార్డు మీద అంకె పెరుగుతోంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో 50 వేలు అన్నారు. 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ పేరుతో 5 లక్షలు అంది. 2023 డిసెంబరులో తెలంగాణ దాన్ని 10 లక్షలు చేసింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ 25 లక్షలు చేసింది. పేర్లూ మారుతూ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో రాజీవ్ ఆరోగ్యశ్రీ కాస్తా 2014 తర్వాత ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2024 తర్వాత మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. ప్రభుత్వం మారినప్పుడల్లా కార్డు మీద బొమ్మ మారింది.

మరి రైతు ఇంట్లో వైద్యం ఖర్చు తగ్గిందా? ఈ ప్రశ్నకు మన సంఘం తరఫున సూటిగానే జవాబు చెప్పాలి. గుండె ఆపరేషన్‌కు, క్యాన్సర్‌కు, డయాలసిస్‌కు కార్డు అక్కరకొచ్చింది. బీపీకి, షుగరుకు, కీళ్ల నొప్పులకు, జ్వరానికి, పరీక్షలకు, నెలనెలా కొనే మందులకు అక్కరకు రాలేదు. రైతు కుటుంబాన్ని కొద్దికొద్దిగా అప్పులోకి దించేది ఈ రెండో రకం ఖర్చే. మనం అడగాల్సింది చివరి లక్ష గురించి కాదు, మొదటి వెయ్యి గురించి.

మేలు జరగలేదని అనం

ముందు న్యాయంగా మాట్లాడుకుందాం. 2007కు ముందు గుండె జబ్బు వచ్చిన పేద రైతుకు రెండే దారులుండేవి. ఎమ్మెల్యే దగ్గర ఉత్తరం తీసుకుని ముఖ్యమంత్రి సహాయ నిధి కోసం హైదరాబాద్ చుట్టూ తిరగడం, లేదా ఎకరం అమ్ముకోవడం. రెండూ కుదరని వాళ్లు ఇంట్లోనే పోయేవాళ్లు. ఆరోగ్యశ్రీ మొదట మొదలైంది మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో. కరువూ వలసా తెలిసిన జిల్లాలవి. ఏడాది తిరిగేసరికి రాష్ట్రమంతా వచ్చింది. తెల్ల కార్డు చూపించి పెద్ద ఆసుపత్రి గుమ్మం ఎక్కవచ్చన్న ధైర్యం పల్లెటూరి మనిషికి అప్పుడు వచ్చింది. గుండెకు రంధ్రం ఉన్న పిల్లలు ఆపరేషన్ అయి ఇవాళ కాలేజీలకు వెళుతున్నారు. ఈ మేలును కాదంటే అబద్ధం చెప్పినట్టే.

2018 సెప్టెంబరు 23న రాంచీలో మొదలుపెట్టిన కేంద్ర పథకం కూడా చిన్నదేమీ కాదు. 2011 నాటి సామాజిక ఆర్థిక గణన ఆధారంగా 10.74 కోట్ల కుటుంబాలకు 5 లక్షల వరకు ఆసుపత్రి వైద్యం ఇస్తామన్నారు. ఖర్చులో కేంద్రం 60, రాష్ట్రం 40 వంతులు పెట్టుకోవాలి. ఆంధ్రప్రదేశ్ మొదట్లోనే చేరింది, తెలంగాణ 2021లో చేరింది. 2024లో 70 ఏళ్లు దాటిన వాళ్లందరికీ ఆదాయంతో పనిలేకుండా కార్డు ఇస్తామని ప్రకటించారు. పిల్లలు పట్నాలకు పోయి ముసలివాళ్లే మిగిలిన ఊళ్లకు ఇది అవసరమైన నిర్ణయమే.

ప్రభుత్వం ఇంకో లెక్క కూడా చూపిస్తోంది. దేశంలో వైద్యానికి అయ్యే మొత్తం ఖర్చులో జనం సొంత జేబులోంచి పెట్టేది 2013-14లో నూటికి 64 రూపాయలు ఉండగా, 2021-22 నాటికి 39 రూపాయలకు తగ్గిందని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. తగ్గితే సంతోషమే. కానీ ఈ లెక్కలో మన కంటికి కనపడని మనిషి ఒకడున్నాడు. డబ్బుల్లేక డాక్టరు దగ్గరికే వెళ్లని మనిషి. వాడి ఖర్చు సున్నా. పత్తి తీతలు అయ్యాక చూపించుకుందాంలే అని నడుం నొప్పి దిగమింగుకునే కూలీ అక్కదీ అదే లెక్క. ఖర్చు తగ్గడం వేరు, వైద్యం అందడం వేరు. అందకపోయినా ఖర్చు తగ్గినట్టే కనిపిస్తుంది.

కార్డు ఎక్కడ మొదలవుతుంది?

కార్డు పనిచేసేది ఆసుపత్రిలో మంచం ఎక్కాక. అది కూడా ఆ జబ్బు పథకం జాబితాలో ఉంటే, ఆ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉంటే, పైనుంచి అనుమతి వస్తే. ఆ మంచం దాకా చేరడానికి రైతు ఎన్ని మెట్లు ఎక్కాలో చూడండి.

పొలంలో ఉండగా ఛాతీలో నొప్పి వచ్చిందనుకుందాం. ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజక్షను, నాలుగు బిళ్లలు. తగ్గకపోతే మండలంలో ప్రైవేటు క్లినిక్కు, అక్కడ ఓపీ ఫీజు, ఈసీజీ, రక్తపరీక్షలు. వాళ్లు పట్నం పొమ్మంటారు. ఆటోనో కారో మాట్లాడుకోవాలి. పట్నంలో ఎకో తీయాలి, యాంజియో చేయాలంటారు. అన్నీ అయ్యాక ఆపరేషన్ కావాలని తేలితే అప్పుడు కార్డు బయటికి తీయాలి. అక్కరలేదు, మందులు వాడితే చాలంటే కార్డు జేబులోనే ఉండిపోతుంది. అప్పటిదాకా పెట్టిందంతా సొంత డబ్బే. జబ్బు ముదరలేదని సంతోషించాలో, ముదిరితే కార్డన్నా పనిచేసేదని అనుకోవాలో తెలియని పరిస్థితి.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చాకా అంతే. కేంద్ర పథకంలో డిశ్చార్జి తర్వాత 15 రోజుల వరకే మందులు. ఆరోగ్యశ్రీలో కొన్ని జబ్బులకు ఫాలో-అప్ ప్యాకేజీ ఉంది కానీ అన్నింటికీ లేదు. స్టెంట్ వేయించుకున్న మనిషి బతికున్నంతకాలం మందు వాడాలి. ఆసుపత్రికి తోడు వెళ్లిన మనిషి తిండి, పోయిన కూలి, అదునులో ఆగిపోయిన పొలం పని, వీటికి ఏ కార్డూ లేదు. కోతల్లో ఇంటి యజమాని 20 రోజులు మంచాన పడితే కలిగే నష్టం ఆపరేషన్ ఖర్చుకు తీసిపోదు.

పది బస్తాల ధాన్యం

ఒక లెక్క వేద్దాం. అరవై ఏళ్లు దగ్గరపడిన భార్యాభర్తలు. ఒకరికి బీపీ, ఒకరికి షుగరు. ఇలాంటి జంట లేని వీధి ఇప్పుడు ఏ ఊళ్లోనూ లేదు. ఇద్దరి మందులకు, అప్పుడప్పుడు చేయించే పరీక్షలకు కలిపి నెలకు 1,500 అనుకుందాం. ఏడాదికి 18,000. 2025-26కు సాధారణ రకం వరికి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. 75 కిలోల బస్తాలు పది అమ్మితే, అది కూడా తరుగు తీయకుండా మద్దతు ధర పూర్తిగా చేతికొస్తే, 17,767 రూపాయలు వస్తాయి. అంటే ఏటా పది బస్తాల ధాన్యం మందుల షాపుకు పోతోంది. పీఎం కిసాన్ కింద ఏడాదికి వచ్చే 6,000 ఈ ఖర్చులో మూడో వంతు.

ఈ 18,000 కోసం ఎవరూ పొలం అమ్మరు. కాబట్టి ఇది వార్త కాదు, కలెక్టర్ దృష్టికి రాదు. షావుకారు దగ్గర ఎరువుల అప్పులో కలిసిపోతుంది. నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి పెరుగుతుంది. చివరికి అందరం దాన్ని సాగు అప్పు అనే అంటాం.

2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన సర్వేలో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబాల్లో నూటికి 93, తెలంగాణలో నూటికి 91కి పైగా అప్పుల్లో ఉన్నాయని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో సగటున ఒక్కో కుటుంబం మీద 2 లక్షల 45 వేలకు పైగా అప్పు. దేశంలో అదే ఎక్కువ. ఇలా మెడలోతు మునిగిన ఇంటి మీద మందుల ఖర్చు వచ్చి పడుతోంది. 2015లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న రైతుల్లో నూటికి పదిమందికి పైగా కారణం అనారోగ్యమని జాతీయ నేర రికార్డుల సంస్థే రాసింది. అప్పు అని రాసిన ఖాతాలో ఎంతమందిది ఆసుపత్రి అప్పో ఎవరూ విడిగా లెక్క తీయలేదు.

మందుల ఖర్చు సంగతి పరిశోధకులూ చెప్పారు. 2011-12 లెక్కల ఆధారంగా చేసిన అధ్యయనం ఒకటి 2018లో వచ్చింది. వైద్యం ఖర్చు వల్ల ఆ ఒక్క ఏడాదే 5.5 కోట్ల మంది పేదరికంలోకి జారారని, అందులో 3.8 కోట్ల మంది కేవలం మందుల ఖర్చు వల్లే జారారని తేల్చింది. మందులు ఆపరేషన్ల కంటే ఎక్కువమందిని ముంచుతున్నాయని తెలిసి కూడా అదే ఏడాది మొదలైన కేంద్ర పథకంలో ఓపీ వైద్యానికి చోటు లేదు.

నిజానికి ఆయుష్మాన్ భారత్‌కు రెండు కాళ్లు పెడతామన్నారు. ఒకటి ఆసుపత్రి కార్డు. రెండోది దేశమంతా లక్షన్నర ఆరోగ్య కేంద్రాలను బాగుచేసి, అక్కడే పరీక్షలు, మందులు ఇవ్వడం. ఇప్పుడు వాటికి ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని పేరు పెట్టారు. పోస్టర్లో కనిపించేది మొదటి కాలే. రెండో కాలు ఎలా ఉందో చూడాలంటే మీ ఊరి సబ్ సెంటరు తలుపు తట్టండి. రంగు కొత్తగా ఉంటుంది. షుగరు బిళ్లలు నెలకు సరిపడా ఉన్నాయో లేదో అడగండి.

బకాయిల మధ్య నలిగేది మనమే

కార్డు పనిచేయాల్సిన చోట కూడా నమ్మకం సడలుతోంది. ప్రైవేటు ఆసుపత్రి వైద్యం చేస్తుంది, ప్రభుత్వం బిల్లు చెల్లించాలి. నెలల తరబడి చెల్లించదు. బకాయిలు వందల కోట్లు దాటి వేల కోట్లకు చేరతాయి. ఆసుపత్రులు సేవలు ఆపేస్తామని నోటీసు ఇస్తాయి. 2025 సెప్టెంబరులో తెలంగాణలో, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో నెట్‌వర్క్ ఆసుపత్రులు ఈ కారణంగానే సేవలు నిలిపివేశాయి. అదే మొదటిసారి కాదు. చర్చలు జరుగుతాయి, కొంత డబ్బు విడుదలవుతుంది, సేవలు మళ్లీ మొదలవుతాయి. ఆ మధ్యలో ఆపరేషన్ తేదీ ఉన్న మనిషి ఏం కావాలి?

చిన్న ఆసుపత్రుల వాళ్ల బాధ మనకు అర్థం కాకపోలేదు. చెరకు తోలి ఫ్యాక్టరీ బిల్లు కోసం, ధాన్యం తోలి కొనుగోలు కేంద్రం డబ్బు కోసం ఎదురుచూసిన వాళ్లం మనం. అమ్మినదానికి డబ్బు రాకపోతే ఎలా ఉంటుందో రైతుకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. కానీ బకాయిల పేరుతో కార్డు ఉన్న రోగి దగ్గరే అదనంగా గుంజడం మాత్రం అన్యాయం. "ఈ మందు ప్యాకేజీలో లేదు, బయట కొనుక్కురండి", "అనుమతి రావడానికి రెండు రోజులు పడుతుంది, అర్జెంటయితే డబ్బు కట్టండి" అనే మాటలు మేం తిరిగిన ప్రతి మండలంలోనూ వినపడ్డాయి. ఒక కౌలు రైతు కార్డు మీద ఆపరేషన్ చేయించుకుని కూడా 30 వేలకు పైగా చేతి ఖర్చు పెట్టాడు. రశీదు అడిగితే ఇవ్వలేదు. భయంతో గట్టిగా అడగలేదు. మనిషి ఆపరేషన్ బల్ల మీద ఉన్నప్పుడు బయట కూర్చున్న భార్య ఎవరితో పోట్లాడుతుంది?

పైన పర్యవేక్షణ ఎలా ఉందో కాగ్ 2023లో కేంద్ర పథకం మీద ఇచ్చిన నివేదికలో రాసింది. 7 లక్షల 49 వేల మంది లబ్ధిదారులు ఒకే ఫోన్ నంబరు మీద నమోదయ్యారు. ఆ నంబరు పది తొమ్మిదులు. చనిపోయినట్టు రికార్డుల్లో ఉన్నవాళ్ల పేరు మీద కూడా వైద్యం బిల్లులు చెల్లించారు. మన దగ్గర రైతుబజారులో కిలో టమాట అమ్మాలంటే గుర్తింపు కార్డు అడుగుతారు.

బీమా కంపెనీ చేతికిస్తే?

ఆంధ్రప్రదేశ్‌లో 2025 సెప్టెంబరులో మంత్రివర్గం కొత్త పద్ధతికి ఆమోదం చెప్పింది. రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీ భరిస్తుంది, ఆ పైన 25 లక్షల వరకు ట్రస్టు భరిస్తుంది. కంపెనీ అయితే బిల్లులు త్వరగా తెములుతాయని ప్రభుత్వం మాట. ఆ మాట నిజమైతే కాదనేదేముంది? కానీ మన అనుభవం మన దగ్గరుంది.

పంటల బీమాలో ప్రీమియం కట్టాం. కళ్లముందు పంట పోయింది. కోత ప్రయోగాల లెక్కలో దిగుబడి బాగానే ఉందని తేల్చారు. పరిహారం వచ్చిన వాళ్లకు కూడా తర్వాతి పంట వేశాక వచ్చింది. బీమా కంపెనీకి ప్రీమియం ఆదాయం, పరిహారం ఖర్చు. ఖర్చు తగ్గించుకోవడం దాని పని. పంట విషయంలో ఆలస్యమైతే అప్పు పెరుగుతుంది. వైద్యం విషయంలో ఆలస్యమైతే మనిషే పోతాడు. మనలాంటి కుటుంబాలకు పడే బిల్లుల్లో ఎక్కువ భాగం రెండున్నర లక్షల లోపువే. అంటే మనకు రోజూ పని పడేది కంపెనీతోనే.

ఆరోగ్యశ్రీ కూడా మొదట్లో బీమా కంపెనీతోనే మొదలైంది. తర్వాత కొన్ని విభాగాలను ట్రస్టు నేరుగా నడిపింది, క్రమంగా మొత్తం ట్రస్టు చేతికి వచ్చింది. ఆ అనుభవం నుంచి ఏం నేర్చుకున్నారో, మళ్లీ కంపెనీ దగ్గరికి ఎందుకు వెళుతున్నారో ప్రభుత్వం రైతులకు వివరంగా చెప్పాలి.

డబ్బు ఎటు పోతే వైద్యం అటు పోతుంది

కార్డు విధానంలో ఇంకో చిక్కుంది. ఆపరేషన్‌కు డబ్బు వస్తుంది, ఆపరేషన్ వద్దని మంచి మాట చెప్పిన డాక్టరుకు ఏమీ రాదు. దీని ఫలితం మన ఆడవాళ్ల ఒంటి మీద కనిపించింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి 3 మంది ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది, తెలంగాణలో దాదాపు 8 మంది ఉన్నారు. దేశంలో ఇవే మొదటి రెండు స్థానాలు. ఇదంతా ఆరోగ్యశ్రీ వల్లే అనడం లేదు. కమీషన్ల మీద నడిచే నర్సింగ్ హోములు అంతకు ముందూ ఉన్నాయి. అయితే ప్రైవేటు ఆసుపత్రుల్లో ఈ ఆపరేషన్లు మితిమీరడంతో, పథకం కింద వాటిని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చిందన్నది జరిగిన సంగతి. తెల్లబట్ట అవుతోందని వెళ్లిన కూలీ తల్లికి పీహెచ్‌సీలో లేడీ డాక్టరు, వారం రోజుల మందులు దొరికి ఉంటే చాలామందికి కోత పడేది కాదు.

పెద్ద ఆసుపత్రులన్నీ పట్నాల్లో ఉన్నాయి. కాబట్టి పథకం డబ్బు పట్నానికి పోతుంది. పల్లెలోని పీహెచ్‌సీకి డాక్టరు పోస్టు ఖాళీ, ల్యాబ్ టెక్నీషియన్ ఖాళీ. 2017-18 సర్వే ప్రకారం పల్లె జనం ఆసుపత్రిలో చేరితే ప్రభుత్వ ఆసుపత్రిలో సగటున 4,290 రూపాయలు, ప్రైవేటులో 27,347 రూపాయలు ఖర్చయింది. ఆరు రెట్లు తేడా. అయినా చేరినవాళ్లలో సగానికి పైగా ప్రైవేటుకే వెళ్లారు. మోజు పడి వెళ్లలేదు. దగ్గర్లో డాక్టరు ఉన్న చోటికి వెళ్లారు.

దగ్గర్లో ఉంటేనే అది వైద్యం

మూడు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కొబ్బరి, జీడి తోటల సీమ. ఇంటింటా కిడ్నీ రోగులు. జబ్బు అసలు కారణం ఏమిటో పరిశోధకులు ఇంకా ఖాయం చేయలేదు. డయాలసిస్ ఖర్చు కార్డు భరించింది. కానీ వారానికి రెండు మూడుసార్లు దూరం వెళ్లి, నాలుగు గంటలు మిషను మీద పడుకుని, మళ్లీ ఇంటికి రావాలి. తోడు ఒక మనిషి. ఇద్దరి కూలీ పోయినట్టే. సోంపేట, పలాస, టెక్కలిలో డయాలసిస్ కేంద్రాలు వచ్చాక, డయాలసిస్ రోగులకు నెలకు 10 వేల పెన్షన్ ఇచ్చాక కొంత ఊపిరి వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం, దాంతోపాటు హిరమండలం నుంచి తాగునీటి పథకం ప్రారంభించారు. ఏళ్ల తరబడి జనం అడిగితే వచ్చినవి ఇవి. కార్డు, దగ్గర్లో ఆసుపత్రి, చేతికి కొంత డబ్బు, మంచినీళ్లు కలిస్తేనే వైద్యం అనాలి. కార్డు ఒక్కటే అయితే నాలుగింట ఒక వంతు.

రెండోది పాముకాటు. రాత్రి మోటారు వేయడానికి వెళ్లే రైతుకు దీని గురించి చెప్పాలా? 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో 12 లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి 58 వేల మంది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మన ఉమ్మడి రాష్ట్రమూ ఉంది. రక్తపింజరి కరిచిన మనిషికి 25 లక్షల కార్డు కంటే మండల పీహెచ్‌సీ ఫ్రిజ్‌లో ఉన్న విరుగుడు ఇంజక్షన్లు, అవి ఇవ్వగల డాక్టరు ఆ రాత్రి అక్కడ ఉండటం ముఖ్యం. 2024లో కేంద్రం పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గిస్తామని కార్యాచరణ ప్రకటించింది. మన మండలంలో రాత్రి పది తర్వాత పీహెచ్‌సీ తలుపు తెరిచి ఉంటుందా అన్నదే దానికి పరీక్ష.

మూడోది మన కుప్పానికి ఆనుకుని ఉన్న తమిళనాడు కృష్ణగిరి జిల్లా. 2021 ఆగస్టులో అక్కడి నుంచే ఇళ్లకు వెళ్లి వైద్యం అందించే పథకం మొదలైంది. బీపీ, షుగరు ఉన్నవాళ్లకు ఆరోగ్య కార్యకర్తలు ఇంటికే వచ్చి పరీక్షించి, మందులిచ్చి వెళతారు. ఇది ఒక్కరోజులో రాలేదు. మందులు పెద్దమొత్తంలో చవగ్గా కొని ప్రభుత్వ ఆసుపత్రులకు పంపడానికి ఆ రాష్ట్రం 1994లోనే ప్రత్యేక కార్పొరేషన్ పెట్టుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2023లో ఫ్యామిలీ డాక్టరు పేరుతో నెలకు రెండుసార్లు డాక్టరును ఊరికి పంపే ఏర్పాటు మొదలుపెట్టారు. అలాంటిది ఎవరు మొదలుపెట్టినా నిలబెట్టాలి. ప్రభుత్వం మారిందని ఆపితే నష్టపోయేది పార్టీ కాదు, ఊళ్లో ముసలివాళ్లు.

డబ్బు లేదంటే ఒప్పుకోం. దేశ ఆదాయంలో నూటికి రెండున్నర రూపాయలు 2025 నాటికి ప్రజారోగ్యానికి పెడతామని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో కేంద్రమే రాసుకుంది. 2021-22లో కేంద్రం, రాష్ట్రాలు కలిసి పెట్టింది నూటికి 1.84. కరోనా వచ్చిన కాలంలోనే అంత.

మనం అడగాల్సినవి

కార్డు పోవాలని మనం అడగడం లేదు. కార్డు ఉండాలి, దాని కిందా పైనా వైద్యం ఉండాలి. అందుకని ఈ డిమాండ్లు:

1. ప్రతి పీహెచ్‌సీ, సబ్ సెంటరులో బీపీ, షుగరు, ఉబ్బసం, మూర్ఛ మందులు నెలకు సరిపడా ఇవ్వాలి. ఏ మందు ఎంత ఉందో బోర్డు మీద రాయాలి.

2. మండల కేంద్రంలో రక్తపరీక్షలు, ఎక్స్‌రే, ఈసీజీ, ఏరియా ఆసుపత్రిలో స్కానింగ్ ఉచితంగా ఉండాలి. ఖాళీ పోస్టులు నింపాలి.

3. ప్రతి పీహెచ్‌సీలో పాముకాటు, పురుగుమందు విషానికి విరుగుడు 24 గంటలూ ఉండాలి.

4. ఓపీ పరీక్షలు, డిశ్చార్జి తర్వాత వాడాల్సిన మందులు పథకంలో చేర్చాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పెట్టిన ఆరోగ్య ఆసరా లాగా, ఆపరేషన్ తర్వాత విశ్రాంతి కాలానికి రోజు కూలి భృతి రెండు రాష్ట్రాల్లోనూ ఇవ్వాలి.

5. ఆసుపత్రుల బకాయిలు ఎంత, ఎప్పుడు చెల్లించారు అన్నది ప్రతి నెలా ప్రకటించాలి. సేవలు ఆగితే ఆ రోజుల్లో రోగి పెట్టిన ఖర్చు ప్రభుత్వం తిరిగి ఇవ్వాలి.

6. బీమా కంపెనీ వచ్చినా రాకపోయినా, వైద్యానికి అనుమతి నిరాకరిస్తే కారణం తెలుగులో రాసి ఇవ్వాలి. అప్పీలు చేసుకునే చోటు జిల్లాలోనే ఉండాలి.

7. 2011 జాబితాల తర్వాత వేరుపడ్డ కుటుంబాలకు, కౌలు రైతులకు, వలస వెళ్లి తిరిగొచ్చిన వాళ్లకు ఆలస్యం లేకుండా కార్డులివ్వాలి.

అడగడంతోపాటు మనం చేయాల్సిన పని కూడా ఉంది. నెట్‌వర్క్ ఆసుపత్రిలో అడుగుపెట్టగానే ఆరోగ్యమిత్ర ఎక్కడని అడగండి. కార్డు మీద వైద్యం జరుగుతుండగా ఎవరు డబ్బు అడిగినా రశీదు లేకుండా ఇవ్వకండి. రాష్ట్ర పథకానికి 104, కేంద్ర పథకానికి 14555 నంబర్లకు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఒంటరిగా అడగడానికి భయమైతే గ్రామ కమిటీకి చెప్పండి, మనవాళ్లు తోడు వస్తారు.

గ్రామ కమిటీలకు ఒక మాట. వచ్చే నెలలోగా ప్రతి ఊళ్లో కనీసం ఇరవై ఇళ్లలో, గత ఏడాది వైద్యానికి అయిన ఖర్చు రాయించండి. మందులకెంత, పరీక్షలకెంత, ప్రయాణానికెంత, కార్డు ఉండి కూడా కట్టింది ఎంత, ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, వడ్డీ ఎంత అన్నవి విడివిడిగా రాయండి. బిల్లులున్నచోట ఫొటో తీసి పెట్టుకోండి. కౌలు రైతుల ఇళ్లు, ఒంటరి మహిళల ఇళ్లు తప్పకుండా ఉండాలి. ఆ కాగితాలతోనే గ్రామసభలో అడుగుదాం, మండల కేంద్రంలో పీహెచ్‌సీ డాక్టరు ముందు పెడదాం, తర్వాత కలెక్టరేట్‌కు తీసుకెళదాం. పాతిక లక్షల లెక్క వాళ్ల దగ్గరుంది. నెలనెలా పోతున్న పదిహేను వందల లెక్క మనమే రాసి చూపించాలి.